జిగురు ఆరేదాకా

"పట్టన్నా" అన్నాడు చిన్నోడు, ఎదురుగా ఉన్న గోడతో.

ఆ మాట తన చెవిన పడ్డాక గాని గుర్తు రాలేదు, అవతలి కొసన ఎవరూ లేరని. అప్పటికే ఏడు చెక్కముక్కల అంచులకూ జిగురు పూసేశాడు. పనిముట్ల పెట్టె మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చేశాడు. ఎడమ కొసకొక క్లాంపు, కుడి కొసకొక క్లాంపు బిగించి, నడుముకు వేయాల్సిన మరో రెంటి కోసం అలవాటుగా చెయ్యి వెనక్కి చాపితే చేతికి గాలి తగిలింది. ఆ రెండూ అన్న వాటాకు పోయాయి. వాటిని పట్టుకుని, ఒక కన్ను మూసి అంచు వెంట ఓసారి చూసి, నిమ్మళంగా మర తిప్పే అన్న కూడా అన్న వాటాకే పోయాడు. ఈలోగా ఏడు ముక్కల మధ్య, సరిగ్గా నడిమధ్యలో, సందు మెల్లగా నోరు తెరిచింది. తెల్లటి జిగురు అందులోంచి చొంగలా కారింది. చిన్నోడికి ఇంకేమీ తోచలేదు. పలక అవతలి అంచు గోడకు ఆని ఉంది కదా అని ఇవతలి అంచుకు రెండు అరచేతులూ, పొట్టా ఆనించి, పాత అద్దెదారు నేలలో వదిలేసిపోయిన సిమెంటు దిమ్మకు పాదాలు తన్నిపెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తోశాడు. సందు మూసుకుంది. కాస్త వదిలాడు. సందు తెరుచుకుంది. మళ్ళీ తోశాడు. ఇక అంతే, కుడితిలో పడ్డ ఎలుక బతుకు. జిగురు పట్టుకునేదాకా వదలడానికి లేదు, అది తక్కువలో తక్కువ ఓ గంట.

జుట్టు సగం నెరిసింది, కూర్చుని లేస్తే మోకాళ్ళు పాత తలుపుల్లా కిర్రుమంటున్నాయి, అయినా ఊరందరికీ చిన్నోడే, అవతల ఒక పెద్దోడు ఉన్నాడు కాబట్టి. ఆ పెద్దోడే చెప్పేవాడు, జిగురు డబ్బా మూత తీసే ముందు క్లాంపులు లెక్కపెట్టుకోరా అని. చెప్పి చెప్పి ఆయనే లెక్కపెట్టేవాడు. అందుకే చిన్నోడు ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఈ పొద్దున కూడా ముక్కలన్నీ పొడిగా పేర్చి చూసుకున్నాడు, అంతా చక్కగా కుదిరింది, పొడిగా ఉన్నప్పుడు ఏదైనా చక్కగానే కుదురుతుంది. కొత్తగా పని నేర్చుకునేవాడు కూడా చెయ్యని పొరపాటు. కొత్తవాడికి తను ఒంటరివాడినని తెలుసు మరి. ఇన్నేళ్ళూ జిగురు పూసేది తను, బిగించేది అన్న. చిత్రిక తోసేది తను, పలక కదలకుండా పట్టేది అన్న. రంపం మెషినుకు ఇటునుంచి చెక్కను తోసేది తను, అటునుంచి లాగేది అన్న. చేతులు నాలుగు అనుకునే ఒళ్ళు పెరిగింది. ఇప్పుడు ఉన్నఫళంగా రెండే అంటే ఒంటికి నమ్మకం కలగడం లేదు.

అరచేతుల కింద చెక్క చల్లగా ఉంది. ముక్కలన్నీ తుక్కులోవే. కొత్త చెక్క కొనేదెప్పుడు, పెట్టెకు పైపలక అంటూ లేకపోతే పని చేసేది దేనిమీద? పెట్టెకు అసలు ఉన్న రేకు తుప్పు పట్టి జల్లెడైపోయింది, ఇన్నాళ్ళూ అది పెద్ద బల్ల కింద ఉండేది కనుక ఎవరికీ పట్టలేదు. పెద్ద బల్ల అన్నకు వెళ్ళింది, సొరుగుల పెట్టె తనకు వచ్చింది. సొరుగులు ఉన్నాయి, ఉలులు ఉన్నాయి, ఒక మేకు కొట్టుకునే జాగా లేదు. పంపకం చేసిపెట్టింది కలప డిపో మావయ్య. మంచివాడే పాపం, కోతి రొట్టె పంచినట్టు పంచాడు. చిత్రిక పెద్దోడికి, దాన్ని నూరే సానరాయి చిన్నోడికి. చిల్లులు వేసే బర్మా పిడి చిన్నోడికి, దాని పుల్లలు పెద్దోడికి. నాలుగు పొడుగు క్లాంపులు చెరి రెండు. "ఇద్దరికీ సమానంగా వచ్చింది కదరా, ఇంక మాటా మాటా అనుకోకండి" అన్నాడు. ఇద్దరికీ సమానంగా పనికిరాకుండా పోయింది. అన్న ఆ పూటంతా కింద నేలను చూస్తూ, మావయ్య ఏదంటే దానికి "సరే, సరే" అన్నాడు. తుక్కు గుట్ట దగ్గరికి వచ్చాక మాత్రం ఒక్క మాట అన్నాడు. "చిన్నోణ్ణి తీసుకోనీ. పెట్టెకు పలక చేసుకోవాలి వాడు." తమ్ముడితో కాదు, మావయ్యతో.

గోడ వైపు నుంచి మూడో ముక్క ముదురు టేకు, గుమ్మంలోది. తామిద్దరూ సొంతంగా ఒప్పుకున్న మొదటి గుమ్మం. అన్న కొలిచాడు, తమ్ముడు కోశాడు, నిలబెడితే వేలెడు పొట్టి. ఇంటాయన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. పక్కింటివాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు, ఊరికే వచ్చే వినోదం ఎవరు వదులుకుంటారు. కొలత సరిగ్గానే ఉందనీ, గీత లోపలి వైపు కోసింది తనేననీ చిన్నోడికి అప్పటికే తెలిసిపోయింది. అన్నకూ తెలుసు. కోసి పడేసిన తునక మీద పెన్సిలు గీత ఇంకా కనిపిస్తూనే ఉంది. అన్న బొటనవేలితో ఆ గీత రుద్దేసి, "కొలవడం నా పొరపాటండి, ఇంకోటి చేసి పెడతాం" అన్నాడు. దారిలో కూడా ఏమీ అనలేదు. పాడైపోయిన ఆ గుమ్మం చెక్క తెచ్చి తుక్కులో పడేశారు, ఎప్పటికైనా పనికొస్తుందని. పనికొచ్చింది. పెద్ద రుచిగా ఏమీ లేదు ఆ సంగతి తలుచుకుంటే, నోట్లో ఇనుప మేకు పెట్టుకున్నట్టుంది.

ఫోన్ మోగింది.

గది అవతలి మూల మేకుకు తగిలించిన చొక్కా జేబులో మోగుతోంది. అన్న చెయ్యడు, ఆయన ఫోన్ మాట్లాడ్డం మానేసి చాలా కాలమైంది, మోగితే వదినకిచ్చి "నువ్వే చూడు, నాకు పని" అనేవాడు. వదినే అయి ఉండాలి. వదిన ఈ వేళప్పుడు ఎందుకు చేస్తుంది? అన్న ఈ వేళప్పుడు తన వాటాకు వచ్చిన రంపం మెషిను దగ్గర ఉంటాడు. ఒక్కడే ఉంటాడు. రంపం తిరుగుతూ ఉంటుంది, అవతల చెక్క బిగుసుకున్నా, పళ్ళు మాడినా, ఎవరైనా "జాగ్రత్త" అని అరిచినా ఆయనకు తెలియదు. పంపకం జరిగిన రోజు నుంచి ఇదే, పనిలో ఉన్నా, అన్నం తింటున్నా కళ్ళ ముందు ఆ పళ్ళ చక్రం తిరుగుతూనే ఉంది, దాని మీదికి అన్న చెయ్యి పోతూనే ఉంది. వేళ్ళు. అన్నవి పొట్టి వేళ్ళు, మొద్దు వేళ్ళు, చెక్క నునుపు చూడ్డానికి మాత్రం పసిపిల్ల చెంప తాకినట్టు తాకుతాయి. వెళ్ళి ఫోన్ తియ్యాలి. తీస్తే పలక విచ్చుకుంటుంది, జిగురు గాలికి తోలు కడుతుంది, మళ్ళీ గీకి, చిత్రిక పట్టి, మళ్ళీ పుయ్యాలంటే పట్టడానికి చిత్రిక లేదు, అది అన్న దగ్గర ఉంది. జిగురు ఆరాక తీద్దాం. ఏదైనా జరిగి ఉంటే జరిగే ఉంటుంది, కాసేపటికి ఏం మారుతుంది? ఇలా అనుకున్నాడు, అనుకుని తనమీద తనకే అసహ్యం వేసింది. జిగురు ఒక వంక. వినాలంటే భయం, అదీ సంగతి. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

ఆగాక నిశ్శబ్దం ఇంకా అన్యాయంగా ఉంది.

అన్నకు చెవుడు ఒక్క రోజున వచ్చిందా ఏమన్నానా. మొదట రేడియో గొంతు పెరిగింది. తర్వాత అన్న ప్రతిదానికీ "సరే" అనడం మొదలుపెట్టాడు. తలుపులు రెండు కావాలండీ అంటే సరే, ఎప్పటికి ఇస్తారండీ అంటే సరే. గిరాకీలు నవ్వుకునేవాళ్ళు, పెద్దాయన ఎంత మంచివాడో, దేనికీ కాదనడు అని. చిన్నోడూ నవ్వాడు. చూసీ చూడనట్టు ఊరుకున్నాడు, పైకి అంటే అన్న చిన్నబోతాడని తనకు తాను చెప్పుకున్నాడు. మెషిను దగ్గర ఇబ్బంది రాలేదు, ఎందుకంటే ఆ రొదలో ఎవరికీ ఏమీ వినపడదు, అందుకని ఎప్పుడో కుర్రతనంలోనే ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. చెక్క మీద ఒక్క దెబ్బ కొడితే "నేను పట్టుకున్నాను, కానీ." రెండు దెబ్బలు కొడితే "ఆపు." మాట చెవికి పోనక్కర్లేదు, చెక్కలోంచి అరచేతికి పోతుంది. ఆ రోజు కూడా రెండు దెబ్బలు కొట్టాల్సింది. చెక్క ముడి దగ్గర బిగుసుకుని వెనక్కి ఎగిరింది, బొటనవేలి గోరు ఊడిపోయింది, ప్రాణం జల్లుమంది, చెయ్యి పైకి లాగేసుకుని "ఆపు, ఆపు" అని అరిచాడు. చేత్తో కాకుండా నోటితో అరిచాడు. అన్న తన ధోరణిలో చెక్క కోసం చెయ్యి చాపుతున్నాడు, అటువైపు, పళ్ళ దాకా. చిన్నోడు పరిగెత్తి వెళ్ళి మీట కట్టేశాడు. కట్టేసి, పని చేయించుకోవడానికి వచ్చి కూర్చున్న నలుగురి ముందూ అన్నాడు. "నీతో పని చెవిటోడి ముందు శంఖం ఊదినట్టుంది! ఎప్పుడో ఒకసారి నన్ను చంపుతావు!" ఆపు అన్నది వినపడని మనిషికి అది మాత్రం వినపడింది. వినపడిందో, పెదాలు చూసి తెలుసుకున్నాడో. ఆ నలుగురి మొహాలూ చూశాడు అన్న. వాళ్ళలో ఒకాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. చిన్నోడి బొటనవేలికి కొత్త గోరు కూడా వచ్చేసింది, ఆ మాట మాత్రం అలాగే ఉంది. భయం వేసి అన్నాను అన్నా, నీ చెయ్యి పోతుందని భయం వేసి అన్నాను అని చెప్పాలి. చెబితే వినపడదు. రాసిస్తే బాగుండదు. ఇలా రోజులు గడిచాయి, ఒకరోజు అన్నే వదిన చేత చెప్పించాడు, వేరు పడదామని.

తలుపు మీద ఎవరో కొట్టారు. ఒక్క దెబ్బ.

చెక్కపొడి, దుమ్ము జిగురులో పడకుండా తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి, గడియ లేదు. "తెరిచే ఉందండీ, తోసుకు రండి!" అన్నాడు చిన్నోడు, తల తిప్పకుండా. తిప్పితే నడుం పట్టు సడలుతుంది. ఎవరూ రాలేదు. టీ కొట్టు అతను గ్లాసు కోసం వచ్చి ఉంటాడు, పొద్దుటి గ్లాసు ఇంకా కిటికీలోనే ఉంది. కాసేపటికి మళ్ళీ ఒక్క దెబ్బ. "రండి బాబూ, నా చేతులు ఖాళీ లేవు!" ఈసారి గట్టిగానే అరిచాడు, గొంతు గీరుకుపోయింది. తలుపు కదల్లేదు. ఇదేం మనిషో, ఇల్లు అదిరేలా పిలుస్తుంటే బెల్లం కొట్టిన రాయిలా నిలబడతాడు. బయట ఇనుము దేనికో తగిలి ఖంగుమంది, ఎవరో గొంతు సవరించుకున్నట్టు అనిపించింది, తర్వాత ఏమీ లేదు. పోనీ, గ్లాసే కదా, సాయంత్రం తనే ఇచ్చి రావచ్చు. పిక్కలు పీకుతున్నాయి. చెమట కనుబొమల్లోంచి జారి ముక్కు చివర వేలాడుతోంది, తుడుచుకోవడానికి లేదు. జిగురు ఇంకా పచ్చిగానే ఉంది, వేలి కొసకు జారుతోంది. ఐదో ముక్క మీద గుండ్రటి మరక ఉంది, నల్లగా, వేడి గిన్నె దించిన మరక. వదిన వంటింటి అల్మరాలోని పలక అది. చిన్నోడికి పెళ్ళి కాకముందు ఆ వంటింట్లోనే అన్నం. వడ్డించేటప్పుడు వదిన ఎప్పుడూ "ఇంకొంచెం" అని అడిగేది కాదు, పెట్టేసేది. వేరు పడదామని అన్న మాటగా చెప్పడానికి వచ్చిన రోజు కూడా గడపలో నిలబడి, చెప్పి, "అన్నం తిన్నావా" అని అడిగి వెళ్ళింది.

మళ్ళీ ఫోన్.

ఒక పనిని రెండోసారి వాయిదా వేయడం మొదటిసారి కంటే తేలికంటారు. చిన్నోడికి అలా లేదు. మోత చెవిలో కాదు, పొట్టలో మోగుతోంది, పొట్ట చెక్కకు ఆని ఉంది, చెక్క మోగుతున్నట్టే ఉంది. అన్న చెయ్యి. ఆసుపత్రి బల్ల. గుడ్డలో చుట్టి తెచ్చిన వేళ్ళు. వదిన ఒక్కతే నిలబడి ఉండడం. ఈ పలక ఎందుకు? ఈ పలక మీద పెట్టి తను ఏం చేస్తాడు, అల్మరాలా, కిటికీలా, ఆ కిటికీల్లోంచి ఏం చూస్తాడు? వదిలేశాడు. రెండు చేతులూ, పొట్టా, పాదాలూ ఒక్కసారిగా. వెనక పలక నిట్టూర్చినట్టు చప్పుడు చేసి విచ్చుకుంది, చూడలేదు. జిగురు చేతులతోనే చొక్కా లాగాడు, ఫోన్ వేళ్ళకు అతుక్కుంది.

"వదినా! ఏమైంది? అన్నకేమైంది?"

"మీ అన్నయ్య నీ దగ్గరికి వచ్చారా?" అడిగింది వదిన. "ఇందాక చేస్తే ఎత్తవేంటయ్యా?"

"చేతులు... ముందు సంగతి చెప్పు వదినా. చెయ్యి... చెయ్యి బాగానే ఉందా?"

"చేతికేం కాలేదు. మనిషే లేరు. షెడ్డులో మోత వినిపిస్తుంటే పని చేసుకుంటున్నారనుకున్నా. మంచినీళ్ళు తీసుకెళ్తే ఎవరూ లేరు. మెషిను తిరుగుతూనే ఉంది. కట్టకుండానే తాళం వేసుకుని వెళ్ళిపోయారయ్యా! నా దగ్గరున్న తాళం చెవితో తీసి నేనే కట్టేశా. అది తిరుగుతోందని కూడా ఆయనకి తెలీలేదు." వదిన గొంతు తగ్గించింది. "మొత్తం పోయిందయ్యా, చెవి. నాకూ చెప్పలేదు. నీతో అయినా చెప్పారా?"

ఖాళీ షెడ్డులో ఎవరూ లేకుండా తనకు తాను తిరుగుతున్న చక్రాన్ని చూస్తూ ఉండిపోయాడు చిన్నోడు, అది ఇక్కడ లేకపోయినా. అప్పటిదాకా భయం వేళ్ళ గురించే. ఇప్పుడు ఇంకా పెద్దది ఏదో వచ్చి మీద కూర్చుంది. ఇంతకాలం ఆ మనిషి చుట్టూ అందరి మాటలూ ఒక్కొక్కటే ఆరిపోతూ వచ్చాయి, ఆయన ఒక్కడే లోపల మిగిలిపోయాడు, తను నవ్వాడు, నలుగురి ముందు శంఖం అన్నాడు.

"క్లాంపులు కూడా కనపడట్లేదు" అంటోంది వదిన. "పొడుగువి రెండూ. గోడకి లేవు. ఎక్కడికైనా పనికి వెళ్ళారేమో అనుకున్నా..."

ఒక్క దెబ్బ. కాసేపాగి ఇంకో దెబ్బ, ఇందాక తలుపు మీద.

నేను పట్టుకున్నాను, కానీ.

ఇక్కడ నిలబడి తెరిచే ఉంది, తోసుకు రండి అని అరిచాడు. రెండుసార్లు అరిచాడు. గొంతు చించుకుని మరీ అరిచాడు. పిలవని గడప తొక్కే మనిషి కాదు అన్న, పిలిచినా, పిలిచినట్టు ఎలా తెలుస్తుంది? తలుపు అవతల నిలబడి, లోపల తమ్ముడు ఉన్నాడనీ, చెప్పులు గుమ్మంలో ఉన్నాయనీ, అయినా పలకలేదనీ అనుకుని ఉంటాడు. అనుకుని "సరే" అనుకుని ఉంటాడు.

ఫోన్ ఎక్కడ పెట్టాడో తెలియదు. తలుపు లాగితే అవతల గోడకు రెండు పొడుగు క్లాంపులు ఆనించి ఉన్నాయి, పక్కపక్కన, మరలకు కొత్తగా నూనె రాసి ఉంది. వాటి కాళ్ళ దగ్గర చిన్న గుడ్డ మూట. విప్పనక్కర్లేదు, ఆకారం చూస్తేనే తెలుస్తోంది, చిత్రిక. దాని కత్తి వైపు అట్టముక్క చుట్టి ఉంది, ఎవరికీ తెగకుండా.

వీధి చివర, కూరగాయల బండి దాటి, మలుపు దగ్గర అన్న వీపు. చొక్కా వెనక చెక్కపొడి. ఎప్పటిలాగే కుడి భుజం కాస్త వంచి, తొందర లేకుండా, కానీ ఆగకుండా పోతున్నాడు. వెనక ఆటో ఒకటి హారన్ కొడుతోంది, కొడుతూనే ఉంది, అన్న పక్కకు తప్పుకోవడం లేదు. ఆటో అతను తల బయట పెట్టి ఏదో తిట్టి, పక్కనుంచి ఒరుసుకుంటూ పోయాడు. అన్న అప్పుడు ఉలిక్కిపడి గోడ వైపు జరిగాడు. కాసేపు గోడకు చెయ్యి ఆనించి నిలబడి, మళ్ళీ నడిచాడు.

చిన్నోడి గొంతు దాకా వచ్చింది "అన్నా" అనే మాట. వీధంతా వింటుంది, ఒక్కరు తప్ప. మింగేశాడు. చెప్పులు వేసుకోకుండా పరిగెత్తాడు. కూరగాయల బండి అంచు మోచేతికి కొట్టుకుంది, బండివాడు "చూసుకుని పో బాబాయ్" అన్నాడు, చిన్నోడు చూసుకోలేదు. మోకాళ్ళు కిర్రుమన్నాయి, మననీ. మలుపు తిరిగేలోపు అందుకున్నాడు. ఊపిరి అందడం లేదు. జిగురు పట్టిన చెయ్యి ఎత్తి, చెక్కపొడి నిండిన ఆ భుజం మీద తట్టాడు. రెండు దెబ్బలు.

అన్న ఆగిపోయాడు. వెనక్కి తిరగకముందే ఆగిపోయాడు.

తర్వాత మెల్లగా తిరిగాడు. తమ్ముడి మొహం చూడలేదు, ముందు చేతులు చూశాడు. తెల్లగా, తడిగా, అరచేతులంతా అంచుల గీతలు పడి ఉన్న చేతులు. ఆ చేతులు ఏం చేస్తూ వచ్చాయో, ఎందుకు తలుపు తియ్యలేదో, ఒక్కొక్క గీతా చూసి తెలుసుకుంటున్నట్టు చాలాసేపు చూశాడు. వేలితో ఒకచోట ముట్టి, చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య ఆ జిగురు రుద్ది చూశాడు.

"ఇంకా పచ్చిగానే ఉందిరా" అన్నాడు, వీధి వీధంతా వినపడేంత గట్టిగా. "పద."